పద్నాలుగు రోజుల సముద్ర శాస్త్రవేత్తలు

పత్తికొండ నుంచి రోడ్డు పట్టి ఎటు పోయినా సముద్రం మూడొందల కిలోమీటర్లకు తక్కువ లేదు. అయినా ఈ సీమ నుంచి డాలస్ పోయి స్థిరపడ్డ మనోళ్ళ ఇళ్ళల్లో సముద్ర శాస్త్రవేత్తలు పుట్టుకొస్తున్నారు. వయసు పదహారు, అనుభవం రెండు వారాలు. జూన్‌లో వేసవి శిబిరానికి పోతారు, జూలైకి పరిశోధకులై తిరిగొస్తారు, చలికాలం రాకముందే ఆ మాట కాలేజీ దరఖాస్తులోకి ఎక్కుతుంది.

ఇక్కడ తాత ఫోను పెట్టేసేలోగా మనవడు పగడాల మీద రీసెర్చి చేస్తున్నాడని వీధి వీధంతా తెలిసిపోతుంది. "పగడాలా? తులం ఎంతకు పోతాయప్పా?" అని అడిగేవాళ్ళుంటారు. అడగరా మరి! తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తలొంచుకుని వజ్రాలు ఏరే సీమ ఇది. కాకపోతే మన ఏరుకోవడంలో కాస్త నిజాయితీ ఉంది. రాయి దొరికితేనే దొరికిందంటాం. శిబిరంలో ఏమీ దొరక్కపోయినా సర్టిఫికెట్టు దొరుకుతుంది, సిఫారసు ఉత్తరం దొరుకుతుంది, పైన నీలం టీషర్టు.

రెండు మూడు వారాలకు వేల డాలర్లు గుంజే శిబిరాలు బోలెడు. ఐదు వేలే అనుకుందాం. మన లెక్కలో నాలుగు లక్షల పైమాట. టమోటా కిలో రూపాయికి పడిపోయిన రోజున పత్తికొండ మార్కెట్లో ఆ డబ్బుకు నాలుగొందల టన్నులు తూకం వేయించుకోవచ్చు. నిజంగా ఏరి తీసుకునే చోట ఈ బేరమే ఉండదు: ఎమ్ఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ 1984లో మొదలైంది, పిల్లల దగ్గర చదువు ఫీజు తీసుకోదు. ఫీజు తీసుకునేవాళ్ళకు ఇంకో అంగడి కూడా ఉంది. డబ్బు కట్టి హైస్కూలు పిల్లల పేరు మీద పరిశోధన పత్రాలు అచ్చేయించే వ్యాపారం గురించి అమెరికా వార్తా సంస్థ ప్రోపబ్లికా 2023లోనే పెద్ద కథనం రాసింది.

పిల్లల్ని నేనేమీ అనను. నక్షత్ర చేపను మొదటిసారి అరచేతిలో పెట్టుకున్న పిల్లకు అది జన్మంతా గుర్తుండాల్సిందే. ఆ శిబిరాన్ని విహారయాత్ర అని ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

పరిశోధన అన్నారు గనక చూద్దాం. ప్రపంచ సముద్రాలన్నింట్లో ఆర్గో ఫ్లోట్లని యంత్రాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతుకు దిగి, ప్రవాహంతో కొట్టుకుపోయి, రెండు వేల మీటర్ల దాకా మునిగి, వేడినీ ఉప్పునూ కొలుస్తూ పైకొచ్చి, ఉపగ్రహానికి కబురు పెడుతుంది. ఈ ఒక్క మునకకు 10 రోజులు. మనవడు ప్రశ్న వేసి, జవాబు తేల్చి, పోస్టరు అచ్చేయించి, వీడ్కోలు పిజ్జా తినేసరికి ఆ యంత్రం రెండో మునకలో సగానికైనా రాదు. పాపం, దానికి దరఖాస్తు గడువు లేదు. మన దేశపు ఫ్లోట్ల లెక్కలు చేరేది జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇంకాయిస్‌కు. 1999లో పెట్టిన ఆ సంస్థ ఉన్నది ఎక్కడనుకున్నారు? అలంటూ లేని హైదరాబాదులో.

ఈ శిబిరాల వ్యాపారం రేపు విశాఖకూ దిగుతుంది, సందేహం లేదు. అప్పుడొక చిక్కు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సరిగ్గా ఎండాకాలం సెలవుల్లోనే, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలను ఒడ్డునే ఆపేస్తారు. తల్లిదండ్రుల మీద విసిరే వలకు మాత్రం ఏ నెలలోనూ నిషేధం లేదు.

ఇంతకీ సముద్రంతో మనకేం పని అంటారా? మన కరువు పుట్టేది చాలాసార్లు అక్కడే. 1876-78లో కర్నూలు జిల్లాను తుడిచిపెట్టిన క్షామం నాడు పసిఫిక్‌లో భారీ ఎల్ నినో నడుస్తోంది. ఇట్లాంటి కరువులను ముందే పసిగట్టాలని 1904లో వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్, ఏళ్ళ తరబడి అంకెలు కూడగా కూడగా, రెండు మహాసముద్రాల మధ్య గాలి పీడనం ఊగిసలాడుతుందని 1920లలో తేల్చాడు. పద్నాలుగు రోజుల్లో కాదు. పసిఫిక్ వేడెక్కిన సంగతి కోసిగి పిల్లవాడికి పోస్టరు చెప్పదు. వాన మొహం చాటేసిన ఏడు బడి మాని అమ్మానాన్నల వెంట గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయినప్పుడు తెలుస్తుంది.

అందుకని నేనూ ఒక శిబిరం ప్రకటిస్తున్నాను. స్థలం పత్తికొండ. కాలం జూన్ నుంచి సెప్టెంబరు, నాలుగు నెలలు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానమాపకంలో నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్లో చూసి నోటుబుక్కులో రాయాలి. ఫీజు లేదు, టీషర్టు లేదు, సిఫారసు ఉత్తరం అసలే లేదు. డాలస్ తండ్రి ఫోన్ చేసి అడగబోయే మొదటి ప్రశ్న నాకు ముందే తెలుసు: వాన పడని రోజు పిల్లాడు ఏం రాయాలి సార్?

సున్నా రాయాలి నాయనా. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అతి పొడి ఆగస్టు 2023లో వచ్చింది. అట్లాంటి నెలైతే పేజీ పొడుగునా సున్నాలే రాయాల్సి వస్తుంది, పెన్ను మాత్రం మీరే తెచ్చుకోవాలి.