ఇంజనుకు కోలాభిషేకం

మన దగ్గర డాక్టర్ల కొరత ఉందేమో గానీ తుప్పు వైద్యులకు కరువు లేదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజను విప్పి, భాగాలు బల్ల మీద పరిచి చూడండి. పక్కింటాయన కోలా సీసాతో దిగుతాడు. బావమరిది బాత్‌రూమ్ యాసిడ్ పట్టుకొస్తాడు. ఏ పనీ లేక అటుగా వచ్చిన పెద్దమనిషి జేబులోంచి ఎమరీ పేపర్ తీస్తాడు. ఒకరి వైద్యం ఇంకొకరికి గిట్టదు. "రేపటికల్లా షోరూమ్ ముక్కలా చేసిస్తా చూడండి" అనే హామీ దగ్గర మాత్రం అంతా ఏకగ్రీవం.

కోలా వైద్యంలో నిజం లేకపోలేదు. అసలు ప్రమాదం అదే. అందులో ఉన్న కాస్తంత ఫాస్ఫారిక్ ఆమ్లం పైపై తుప్పును కరిగిస్తుంది. తెల్లారేసరికి గేరు పళ్లు తేటపడతాయి, వైద్యుడి పళ్లు బయటపడతాయి. ఫొటో తీస్తారు, కథ ముగిస్తారు. ఆ ముక్కను నీళ్లతో కడిగి అలా వదిలేస్తే కాసేపటికే నారింజ రంగు పొడ మళ్లీ తేలుతుంది. దాన్ని మాత్రం ఎవరూ ఫొటో తీయరు. ఆమ్లంలో మునిగి తేలిన ఇనుము మీద తుప్పుతో పాటు నూనె పొర కూడా మిగలదు కదా, గాలీ తేమా తగిలితే చాలు. సరిగ్గా కడగని మూలల్లో పంచదార జిగురు మిగిలితే చీమలకు అన్నదానం అదనం.

ఇంత చెబితే ఢిల్లీ ఇనుప స్తంభాన్ని రంగంలోకి దింపుతారు. పదహారు వందల ఏళ్లు ఎండకీ వానకీ నిలిచిన స్తంభం పోత పోసిన జాతికి తుప్పు పాఠాలా అని గద్దిస్తారు. మొదటి సంగతి, దాన్ని పోత పోయలేదు, కొలిమి ఇనుము ముద్దల్ని సమ్మెటలతో కొట్టి అతికించారు. రెండోది, ఆ ఇనుములో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ. దానివల్లే పైన రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. మన క్రాంక్‌షాఫ్ట్‌కు ఆ వంశంతో చుట్టరికం లేదు. ఫాస్ఫరస్ పేరు వినగానే గుప్తుల కాలంలోనే కోలా ఉండేదని ఎవరైనా కనిపెట్టేలోగా ముందుకు సాగుదాం.

బావమరిది తెచ్చింది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పును తింటుంది, ఆకలి తీరకపోతే ఇనుమును తింటుంది, అల్యూమినియం కేసింగ్ దొరికిందా, విందే. దాని ఆవిరి తగిలి పక్కనున్న స్పానర్లకూ తుప్పు పడుతుంది. వాల్వ్ స్ప్రింగు లాంటి గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి దాన్ని పెళుసు చేస్తుంది. అది విరిగేది వైద్యుడి ముందు కాదు, హైవే మీద.

ఇక ఎమరీ వీరుడు. క్రాంక్ జర్నల్ కొలతలు మిల్లీమీటరులో వందో వంతు లెక్కన చూస్తారు. ఈయన లెక్క చెయ్యి నొప్పి పుట్టేదాకా. రాలిన గరుకు పొడి నూనె దారుల్లోకి, అక్కణ్ణుంచి బేరింగుల్లోకి చేరుతుంది. ఈ శ్రమ కూడా ఎందుకనుకునే మేధావులు తుప్పు మీదే సిల్వర్ పెయింట్ కొట్టేస్తారు. రంగు కింద తుప్పు నిశ్చింతగా సంసారం చేసుకుంటుంది. బండి అమ్ముడుపోయేదాకా పెచ్చు లేవకపోతే చాలు, ఆ తర్వాత అది కొన్నవాడి ప్రారబ్ధం.

ఈ వైద్యాలకు భిన్నంగా, చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ ఛార్జర్‌తో చేసే ఎలక్ట్రాలిసిస్ మంచి ఇనుము జోలికి పోదు. ముక్క మైనస్‌కు, పనికిరాని ఇనుము ప్లస్‌కు, పని ఆరుబయట. అందుకే దానికి ప్రచారం తక్కువ. ప్రచారం చేసేవాళ్లేమో ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె పెట్టి విషపు క్రోమియం తీస్తారు.

తుప్పు వదిలించడం ఏ పద్ధతిలో జరిగినా చివరి పని ఒకటే. వెంటనే ఆరబెట్టాలి, శుభ్రమైన నూనె పుయ్యాలి, నెలల తరబడి దాచేదైతే గ్రీజు పట్టించాలి. 1953లో శాన్ డియేగోలో పుట్టిన డబ్ల్యూడీ-40 పని తేమను నెట్టేయడం. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు వాడిన సరుకే, కానీ దాని పొర పల్చన. మనవాళ్లు ఒక్కసారి చల్లి మూడు వర్షాకాలాలు గడపాలని చూస్తారు. ఇంకొందరు పొదుపు కోసం ఇంజనులోంచి తీసిన నల్ల నూనెనే పూస్తారు. ఆమ్లాలూ తేమా అందులోనే ఉంటాయి, తుప్పుకు వేరే ఖర్చు లేదు. ఆపైన చెమట చేతులతో బేరింగును ముద్దుగా నిమిరి, చెమ్మ పీల్చే దినపత్రికలో చుట్టి, సిమెంటు నేల మీద పడుకోబెడతారు. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు జోరందుకుంటుంది. మన కోస్తాలో చాలా నెలలు తేమ ఆ గీతకు పైనే ఉంటుంది, ఉప్పుగాలి ఉచితం.

తుప్పు పట్టని ముక్కకు "ముందు, తర్వాత" ఫొటోలు ఉండవు. దాన్ని కాపాడినవాడికి చప్పట్లూ ఉండవు. అందుకే చిన్న నూనె డబ్బా దండగమారి ఖర్చుగా కనిపిస్తుంది. గుంటలు పడ్డ సిలిండర్‌కు మళ్లీ బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఎంతైనా పాత బండి కదా అని సగర్వంగా అప్పు చేస్తాం.