అభ్యంతరరాయలవారు

రామంతాపూరులో, దూరదర్శన్ కేంద్రమునకు కొంచెమెడముగా నున్న ఇరానీ హోటలులో, ఉదయము పూట దినపత్రికను వెనుక పుటలనుండి చదువు పెద్దమనిషి యెవరైన కనబడినచో, ఆయన వెదకుచున్నది క్రికెట్టు వార్తలు గావు, భూసేకరణ ప్రకటనలని గ్రహింపవలయును. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము, సేకరింపదలచిన భూముల ప్రకటన సారాంశమును రెండు స్థానిక పత్రికలలో, అందొకటి ప్రాంతీయ భాషలోనిదై యుండునట్లు, అచ్చువేయింపుమని శాసించినది. గెజిట్టు వెలువడిన 21 దినములలో అభ్యంతరము దాఖలు చేయవచ్చునని గూడ అనుగ్రహించినది. అన్యులు మండలదీక్ష పట్టినట్లే ఈయన ఈ గడువును నియమనిష్ఠలతో పాటించును గనుక, నేనాయనను అభ్యంతరరాయలని పిలుచుకొందును. ఇట్టివారు ఉప్పల్, నాచారం కాలనీలలో కోకొల్లలు. కాపురమిక్కడ, పట్టా పాసుపుస్తకము భువనగిరి మండలములో. పొలము కౌలుకిచ్చి యుందురు. కౌలుదారు పేరు జ్ఞప్తికి రాదు గాని, సర్వే నంబరు నిద్రలో నడిగినను చెప్పుదురు.

రాయలవారిని రోడ్లకు శత్రువనుకొనరాదు. ఉప్పల్ నుండి నారపల్లి దాక తలపెట్టిన ఫ్లైఓవరుకు 2018లో శంకుస్థాపన జరిగి, ఆపై ఏండ్ల తరబడి స్తంభములు మాత్రమే మోడులై నిలిచియుండగా, వాని క్రింది గుంతలలో స్కూటరు నడుపుచు ఆయన తిట్టని ప్రభుత్వము లేదు. "ఒకరిద్దరి జాగ పోతదని ఊరంత ఆగాల్నా సార్? గట్టిగ తీస్కోవాలె!" అని గర్జించును. ఆ స్కూటరే ఘటకేసరము, బీబీనగరము దాటి భువనగిరి పొలిమేర చేరునప్పటికి, "రైతు నోట్ల మన్ను గొడ్తున్రు సార్" అనును. కంఠస్వరమున లేశమైన భేదముండదు. మారినది కిలోమీటరు రాయి మాత్రమే.

ఆయనను భువనగిరికి రప్పించునది ప్రాంతీయ వలయ రహదారి, జనుల నోట ట్రిపుల్ ఆర్. దాని ఉత్తరభాగము సంగారెడ్డి నుండి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి ప్రాంతముల మీదుగా చౌటుప్పల్ వరకు సుమారు 158 కిలోమీటర్లు. ఈ దారి నక్షా జెరాక్సులను జిగురుతో నతికించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత దిద్ది, నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో ధరించును. విప్పి మడచి, మడచి విప్పి, మడత సరిగా రాయగిరి మీదనే పడుటచే, ఊరి పేరెన్నడో అరిగిపోయినది. అచట వ్రేలుంచి, "మనది గీడనే" అనును; అచట చిల్లు తప్ప మరేమియు లేదు.

రాయగిరి రైతుల మాట వచ్చినచో నాకు నవ్వు రాదు. మునుపటి రోడ్లకును భూములు కోల్పోయి, ఉన్న కాస్తయు ట్రిపుల్ ఆర్ క్రిందికి పోవునని ధర్నాకు దిగిన వారిలో కొందరిని 2023 జూన్‌లో చేతులకు బేడీలతో భువనగిరి కోర్టుకు గొనివచ్చిరి. ధాన్యమమ్మి బిడ్డ పెండ్లి చేయువానికి పరిహారపు చెక్కు పొలమునకు సాటి రాదు. ఆ దినమున రాయలవారు టీవీ ముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొనిరి. అవి మొసలి కన్నీళ్లని నేననను. మరునాడా బేడీల ఫోటోను తన అర్జీకి జతపరచిరి.

అర్జీ నాకు చదివి వినిపించిరి. పర్యావరణము, ప్రాచీన జలమార్గములు, గొలుసుకట్టు చెరువులు, భావితరములు, అన్నియు ఉన్నవి. తుదిని ప్రత్యామ్నాయ మార్గమును గూడ చూపిరి: గీతను తూర్పునకు ఒక కిలోమీటరు జరిపినచో ఎవరికిని నష్టము లేదట.

"తూర్పున నెవరి భూములున్నవండి?" అంటిని.

రాయలవారు నక్షా మడచుచు, గొంతు తగ్గించి, "మా తోడల్లునివి సార్. ఆయన పేపర్ సదవడు" అనిరి.