పార్కింగు ప్రభువులకు బహిరంగ లేఖ

భాగ్యనగరమునందలి ఒకానొక మహావాణిజ్య సముదాయమునకు అడుగున మూడంతస్తుల పాతాళమును ఏకచ్ఛత్రముగా ఏలుచున్న పార్కింగు నిర్వాహక ప్రభువుల సమక్షమునకు, తమ రాజ్యమున కొద్దిసేపు కారు నిలుపుకొని, దాని ఎడమవైపు వెనుక తలుపుపై ఒక సొట్టను, జానెడు పొడవున ఎఱ్ఱని గీతను బహుమానముగా స్వీకరించి బయటపడిన సామాన్యపౌరుడొకడు సవినయముగా వ్రాసుకొను విన్నపము.

మహాశయా! ముందుగా తమ పరిపాలనాదక్షతను కొనియాడక తప్పదు. ప్రవేశద్వారమున నా వాహనము ముక్కు చొప్పించినదే తడవుగా తమ యంత్రనేత్రము దాని నంబరును చదివి, గంటలు నిమిషములతోసహా చీటీపై ముద్రించి నా చేతికి అందించెను. వెడలునపుడు మరల చదివి, ఆ నడుమ గడచిన కాలమునకు వెలకట్టెను. ఇంతటి సూక్ష్మదృష్టిగల తమ ఏలుబడిలో, ఒక ఎఱ్ఱకారు వెనుకకు వచ్చుచు నా తెల్లకారును గ్రుద్ది, ఆగి, తీరికగా వెడలిపోయిన వృత్తాంతము మాత్రము ఏ కంటను పడలేదనిన, అది తమ లోపమని నేననను. మా తలుపుల ప్రారబ్ధమని సరిపెట్టుకొనుటకే యత్నించితిని.

ఆగి, అని ఊరక వ్రాయలేదు. మా వీథిలో మురుగుకాలువ త్రవ్వకము పుణ్యమా యని నా కారు నిలువెల్ల ధూళిధూసరితమై యున్నది. ఆ ధూళి నడుమ, సరిగా ఆ గీత చుట్టును, కోడిగ్రుడ్డు ఆకారమున ఒక్క చోటు మాత్రము నిగనిగలాడుచు శుభ్రముగా కనిపించినది. అంచులయందు తడిగుడ్డ జాడలు, వాటికి క్రింద ఎండిన నీటిచార. గీత నట్టనడుమ తెల్లరంగు పెచ్చులూడి లోపలి బూడిదరంగు పూత బయటపడి యున్నది. అనగా తుడిచినాడయ్యా! కారు దిగినాడు, సీసాలోని నీరు రుమాలుపై పోసినాడు, తన ఎఱ్ఱరంగు నా తలుపునుండి పోవునేమోనని రుద్ది చూచినాడు, పోదని తెలిసికొని, ఆ రుమాలును పిండుకొని, మారుమాట లేక వెడలిపోయినాడు! చూడక గ్రుద్దినవానిని క్షమింపవచ్చును. వెనుకనున్నది స్తంభమో కారో తెలియనంతటి చీకటిని మీరే ఏర్పాటు చేసితిరి గదా. చూచి, తుడిచి, పోయిన మనుష్యునిగూర్చి వ్రాయబోవుచుండగా నాకు ఇంతసేపును కష్టపడి కూడబెట్టుకొన్న వినయమంతయు జారిపోవుచున్నది. మన్నింపుడు.

తమ పర్యవేక్షకుని ఆశ్రయించితిని. ఆయన తలుపును చూచి, నన్ను చూచి, "గిది పాతదేమో చూస్కోండ్రి సార్" అనెను. వేలితో తాకి చూపితిని; రంగుపొడి వేలికి అంటినది. "కెమెరా బిల్లింగు కౌంటరు దిక్కే ఉంటది సార్, ఈ మూలకు లేదు" అనెను. సరే, ఈ అరగంటలో ద్వారము దాటిన ఎఱ్ఱకార్ల నంబర్లైన చూపుమంటిని. "అట్ల ఇయ్యరాదు సార్, ప్రైవసీ ఉంటది." వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా తీర్పు చెప్పినపుడు, ఆ హక్కు ఇంతలో ఒక ఎఱ్ఱ బంపరును కాపాడుటకు పాతాళమునకు దిగివచ్చునని వారూహించి యుండరు. ఆపైన ఆయన చేయెత్తి గోడవైపు చూపెను. అచట, ఆ చీకటిలో, దివ్యమైన దీపకాంతితో వెలుగుచున్న ఒకే ఒక వస్తువు కలదు: వాహనములు యజమానుల బాధ్యతపైననే నిలుపవలెనను బోర్డు.

ఆ బోర్డునకు దీపము పెట్టినవారు ఆ మూలకు ఒక బల్బు పెట్టలేకపోయిరా?

బోర్డు వ్రాసి చేతులు దులుపుకొనుట అన్నివేళల సాగదని, తాళపుచెవి పుచ్చుకొని కారును తామే నిలుపు హోటళ్ల విషయమున సర్వోన్నత న్యాయస్థానము 2019 నవంబరులో తేల్చినది. అయితే ఆ వ్యాజ్యమునకు మూలమైన మారుతీ జెన్ ఢిల్లీలోని ఒక పెద్ద హోటలునుండి మాయమైనది 1998లో. కారే పోయిన వ్యవహారము తేలుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టిన దేశమున, జానెడు గీతకు, అందునను తాళపుచెవిని తన జేబులోనే ఉంచుకొన్నవాడు, ఏ ధర్మాసనము మెట్లెక్కవలెనో తమరే సెలవియ్యవలెను. మోటారు వాహనముల చట్టము 134వ సెక్షనున, పరుల ఆస్తికి నష్టము కలిగించిన డ్రైవరు, పోలీసులు అక్కడ లేనిచో, ఇరువదినాలుగు గంటలలోగా సమీపపు ఠాణాలో చెప్పుకొనవలెనని స్పష్టముగా ఉన్నది. రుమాలు పిండుకొని పోయిన మహానుభావుడు నేరుగా ఠాణాకే వెళ్లియుండునని నమ్ముటకు నాకును ఆశగానే యున్నది.

బీమా లేదా యని తమ పర్యవేక్షకుడును అడిగెను. ఉన్నదయ్యా, నిక్షేపముగా ఉన్నది. క్లెయిము చేసినచో మొదటి వేయి రూపాయలు నావే. మూడేండ్లు నోరు కట్టుకొని ఏ క్లెయిమూ చేయనందుకు లభించిన 35 శాతము తగ్గింపు ఒక్క దెబ్బతో సున్నకు దిగును. ఆపైన సర్వేయరు రాక, కాగితముల పోక. ఇంతకన్న డెంటింగు మేస్త్రికి చేతిలో డబ్బు పెట్టి, లప్పము పూయించి రంగు కొట్టించుకొనుటయే చవుక యని ఈ నగరమున కారుగలవారందఱికిని కంఠపాఠమే. ఒక్క తలుపునకు రంగు కొట్టిన, అది ప్రక్క తలుపుతో కలియదు, రెండింటికిని కొట్టవలెనని మేస్త్రి చెప్పుటయు, మనము తలయూపుటయు కూడ అందఱికిని తెలిసినదే.

ఇంతకును ఆ గ్రుద్దినవాడు చేయవలసినదేమి? ఒక కాగితపు ముక్క. దానిపై పేరు, ఫోను నంబరు, "పొరపాటున తగిలినది, మాటాడుదము" అను ఒక్క వాక్యము. వైపరు క్రింద దోపి పోవుట. మన పిల్లలే కాలిఫోర్నియాలో ఈ పని చేయుదురు. నిలిపియున్న కారును గ్రుద్దినవాడు పేరును చిరునామాయును వ్రాసి కనబడుచోట ఉంచవలెనని అచటి చట్టము, ఉంచకపోయిన శిక్ష. ఆ పిల్లలే సెలవులకు వచ్చి శంషాబాదులో దిగి స్టీరింగు పట్టగానే ఆ అలవాటును విమానములోనే మరచివత్తురు. వారిని మాత్రము అననేల? చీటీ పెట్టినవానికి ఇచట ఏమి జరుగునో అందఱును ఎఱుగుదురు. గీత ఒకటైన, బంపరు, తలుపు, దీపము, క్రిందటి సంవత్సరపు సొట్టతోసహా బిల్లు వేసి పంపువారు కొందఱు. ఫోను చేసి నలుగురిని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చువారు మఱికొందఱు. సత్యము చెప్పినవానినే పిండుకొను లోకమున రుమాలు పిండుకొనుట మేలని తలంచువారు ఉండుటలో వింత లేదు. అయినను నాకు చీటీ కావలెను. చీటీ యుండిన, ఒట్టు, నేను పైకము అడిగి యుండను. అడిగినను సగమే అడిగి యుందును.

పోనీ, తమరు గీసిన గళ్ల సంగతి చూతమా? 1983లో మారుతీ 800 వచ్చినపుడు దాని వెడల్పు సుమారు 1.4 మీటర్లు; నేడు ఇన్నోవాది 1.8 దాటినది. కారులు లావెక్కుచుండగా తమ గళ్లు మాత్రము సన్నబడుచున్నవి. ఆ మిగిలినదానిలోను స్తంభమొకటి అడుగు చోటు ఆక్రమించును. ఆ స్తంభముల నలుపు పసుపు చారలపై నీలము, ఎఱుపు, వెండి, తెలుపు, ఈ నగరమున అమ్ముడుపోవు సకల వర్ణములును పొరలుపొరలుగా అంటియున్నవి. తలుపు తెఱచుటకు చోటు లేక నా కుడిప్రక్క కారులోని పెద్దామె డిక్కీగుండ దిగవలసివచ్చినది. ఈలవేయు కుఱ్ఱవాడు మాత్రము "రానీ, రానీ" యనుచునే యుండును. తగిలిన తరువాత ఈల ఆపి అటు తిరిగి నిలుచును.

అయ్యా, వ్యంగ్యమునకు ఓపిక లేదు. ఒక్కటి అడుగుచున్నాను, కాదనకుడు. టిక్కెట్టు కౌంటరువద్ద ఒక బల్ల వేయించుడు. దానిపై ఒక నోటు పుస్తకము, దారముతో కట్టిన ఒక కలము. గ్రుద్దినవాడు పేరు వ్రాయక్కఱలేదు. ఫోను నంబరును వ్రాయక్కఱలేదు. ఏ అంతస్తు, ఏ గడి, ఎన్ని గంటలకు, అంతే వ్రాయనిండు. ఆ మూలన ఒక కెమెరా పెట్టించుడు, పాతదైనను సరే. ఎఱ్ఱకారు నంబరు నాకు ఇయ్యకున్న మానె, మీరే ఆయనకు ఫోను చేసి, ఒక తెల్లకారువాడు అడుగుచున్నాడని చెప్పుడు. అంతమాత్రమే. చెప్పుదురా?

ఇంకొక్క మాట. 2018లో ప్రభుత్వమువారి 63వ నంబరు ఉత్తర్వు చొప్పున మొదటి అరగంటకు రుసుము లేదు. గంటవరకు ఏదేని బిల్లు చూపిన రుసుము లేదు. నేను వచ్చినది బిగుతైన చొక్కాను మార్చుకొనుటకు. మార్పిడికి బిల్లెక్కడిది? అయినను అరగంటలోనే క్రిందికి వచ్చితిని. తమ పర్యవేక్షకునితో ప్రైవసీగూర్చి జరిపిన చర్చయే అరగంటను దాటించినది. ద్వారమువద్ద ఆ చర్చకును రుసుము వసూలైనది. రసీదు భద్రముగా ఉన్నది.

ఇట్లు,
తమ రెండవ పాతాళమున కారు నిలిపినవాడు.

తా.క. — నా గడికి సరిగా పైన ఒక గొట్టము కారుచున్నది. ఆ సున్నపునీటి చుక్కలు ముందు అద్దముపై పడి గట్టిపడినవి. చింతపండుతో రుద్దినను పోలేదు. దీనికిని ఎఱ్ఱకారునకును సంబంధము లేదు.