పచ్చగుర్తు దాటని బావ

“బాడీ యాడికొచ్చింది? నార్కట్‌పల్లి దాటిందా? పైలం, వాన పడుతుంది, తడవనియ్యకు. ఇంటికి తెచ్చినంక అమ్మతోని బొట్టు పెట్టిద్దాం.”

2011 ఆగస్టులో ఒక ముసురు పట్టిన సాయంత్రం, నల్లగొండ గడియారం సెంటర్లో నిలబడి మా బావ ఫోన్లో అరిచిన మాటలివి. గట్టిగా అరవకపోతే మాట నార్కట్‌పల్లి దాకా పోదని ఆయన నమ్మకం. చాయ్ బండి దగ్గర ఉన్నవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారు. బావ ఇంటికి చేరేసరికి కబురు ఆయన కంటే ముందే చేరింది. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు భుజాన తువ్వాలలతో కూర్చుని ఉన్నారు. ఎదురింటి తాత మెల్లగా అడిగాడు, “ఎవలు పోయిండ్రు బిడ్డా? మీ మేనమామనా?”

అంతలో ఆటో వచ్చి ఆగింది. బావ దోస్తు చెప్పుల డబ్బా అంత అట్టపెట్టె పట్టుకుని దిగి, “బాడీ ఇగో. లెన్సు స్టాకు లేదంట, రేపు బస్సుకు వస్తది” అన్నాడు. తాత పెట్టె వంక చూశాడు, బావ వంక చూశాడు, తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెల రోజుల దాకా బావతో మాట్లాడలేదు.

ఇలాంటి బావలు ఆ రోజుల్లో వీధికొకరు తయారయ్యారు. చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరాతో కొన్నాళ్లు హాయిగా బతికి, ఒక దుర్ముహూర్తాన డీఎస్‌ఎల్‌ఆర్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు. ఎండ ఉన్నా లేకున్నా ఆకాశం వంక చూసి పెదవి విరిస్తే వాళ్లే. మెడలో నల్లపట్టీ, దాని మీద కంపెనీ పేరు పసుపు అక్షరాల్లో. పెళ్లిలో అందరూ వధూవరులను చూస్తుంటే వాళ్లొక్కరే అరటి గెల మీద పడిన వెలుతురును చూస్తుంటారు. మా బావ లెక్కల సారు. బడి, ఇల్లు, ఆదివారం పానగల్లు. ఈ మూడిట్లో పానగల్లే ఆయన కొంప ముంచింది.

నల్లగొండకు ఆనుకునే ఉంటుంది పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల నాటి త్రికూటాలయం, మూడు గర్భగుళ్లు. అందులో ఒక గుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా అది మాత్రం తిరగదు. ఎదుట నిలిచిన ఏ ఒక్క స్తంభానికీ చెందిన నీడ కాదది. నేరుగా పడే ఎండ కాకుండా, అటూ ఇటూ చెదిరి లోపలికి వచ్చే వెలుతురు స్తంభాల నడుమ నుంచి దూరి వేసే నీడ అని ఫిజిక్సు తెలిసినవాళ్లు చెబుతారు.

ఆ నీడను ఫొటో తీయాలని బావ కోరిక. చిన్న కెమెరాలో రెండు కొత్త పెన్సిల్ సెల్లులు వేసుకుని పోయాడు. నొక్కాడు. గర్భగుడిలో మెరుపు మెరిసింది. ఫొటోలో లింగం ఉంది, గోడ ఉంది, గోడ మీది బూజు కూడా ఉంది, నీడ లేదు. ఫ్లాషు పడితే నీడ నిలుస్తుందా? మళ్లీ నొక్కాడు, మళ్లీ మెరుపు. ఏడు ఆదివారాలు నొక్కాడు. ఎనిమిదో ఆదివారం ఇంటికొచ్చి, “ఈ డబ్బాతోని కాదు, పెద్దది కావాలె” అని తీర్పు చెప్పాడు.

“పెద్దదంటే ఎంత?” అంది అక్క.

“లెన్సుతోని కలిపి ముప్ఫై వేల పైన.”

“దీంట్ల ఎన్ని మెగాపిక్సెళ్లు? దాంట్ల ఎన్ని?”

బావ తలవంచుకున్నాడు. రెంటిలోనూ 14. చిన్నదాని అట్టపెట్టె మీద 14, కొనబోయే నికాన్ డి3100లోనూ 14.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబుంది. చిన్న కెమెరాల్లో వెలుతురు పట్టే సెన్సరు చిటికెన వేలి గోరంత. డి3100లో అది పోస్టు స్టాంపు అంత, 23.1 మిల్లీమీటర్లు పొడవు, 15.4 వెడల్పు. వైశాల్యంలో పన్నెండు రెట్లకు పైమాటే. పద్నాలుగు మందిని ఆటోలో ఎక్కించడం ఒకటి, ఆర్టీసీ బస్సులో కూర్చోబెట్టడం ఇంకొకటి. తల లెక్క ఒకటే అయినా ఆటోలో ఒకరి మోచెయ్యి ఇంకొకరి కంట్లో ఉంటుంది. చీకట్లో తీసిన ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించేది ఆ ఇరుకే. బావ ఇంత చక్కగా చెప్పలేదు. “అది ఎస్‌ఎల్‌ఆర్ వే. లోపల అద్దం ఉంటది” అన్నాడు. “అద్దం బీరువాకు కూడా ఉంది” అంది అక్క. అయినా బాడీ వచ్చింది.

మర్నాడు లెన్సు వచ్చింది. బండి కొన్నా, కుట్టుమిషను కొన్నా మా వైపు పూజ చేయకుండా ముట్టుకోరు. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ దిష్టి తీసి, కుంకుమ వేలికి అద్దుకుని సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది. లెన్సు నడిమధ్యన.

“అమ్మా! అది కన్నే!”

“బొట్టు నొసట పెట్టాలెనని నాకు తెల్వదారా? దానికి నొసలేది?”

లెన్సు మీది మచ్చ ఫొటోలో మచ్చలా పడదు, మొత్తాన్నీ పొగలా కమ్మేస్తుంది. అలా ఆ కెమెరా తీసిన మొదటి ఫొటోలో ఇంటిల్లిపాదీ హారతి పొగలో నిలబడినట్టు వచ్చారు. అత్తమ్మకు మాత్రం అది ఇప్పటికీ ఇష్టమైన ఫొటో. “దేవుని ముంగట దిగినట్టు ఉన్నది” అంటుంది.

ఇక చదువు మొదలైంది. బావ నోట్సు రాసుకున్నాడు. ఐఎస్‌ఓ, షట్టరు, అపర్చరు. మొదటి రెండూ ఎక్కాయి, మూడోది ఎక్కలేదు. 5.6 పెడితే కిటికీ పెద్దగా తెరుచుకుంటుందట, 16 పెడితే చిన్నగా ముడుచుకుంటుందట. “అంకె పెరిగితే కన్నం తగ్గుడేంది? జపానోళ్లు ఉల్టా లెక్కలు పెట్టిండ్రు” అని మూడు రోజులు జపానును తిట్టాడు. నాలుగో రోజు అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ అడిగింది, “ఆ అంకె ముందల ఎఫ్ బటా అని గీత ఉంది గదా. 1 బటా 2 పెద్దదా, 1 బటా 16 పెద్దదా?”

ఇరవై ఏళ్లుగా ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్న మనిషి చాలాసేపు మాట్లాడలేదు.

అంత చదివినా బావ కెమెరా మీది చక్రం పచ్చగుర్తు దగ్గర నుంచి కదల్లేదు. పచ్చగుర్తు అంటే ఆటో. అన్నీ కెమెరానే చూసుకుంటుంది. మిగతా అక్షరాలు చుట్టాల ముందు చెప్పడానికి, పచ్చగుర్తు ఫొటో తీయడానికి. అదేమంటే, “మొదలు చేతికి అలవాటు పడాలె బామ్మర్దీ” అనేవాడు.

మారినదల్లా మా బతుకు. చిన్న కెమెరా ఉన్నన్నాళ్లు మేం ఫొటో దిగేవాళ్లం. పెద్దది వచ్చాక ఫొటోకు అడ్డం వచ్చేవాళ్లమయ్యాం. “జరుగు, వెనక గోడ మీద వెలుతురు మస్తుగుంది” అనేవాడు. లెన్సుల రోగం కూడా పట్టింది. 50 ఎం.ఎం. లెన్సు ఒకటి కొని, ఆ ఒక్కటే బిగించుకుని మమ్మల్ని మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకెళ్లాడు. అది ఎకరాల కొద్దీ ఊడలు దించిన మర్రి. పాత ఫిల్ము కంటే చిన్నదైన ఈ సెన్సరు మీద ఆ లెన్సు 75 లాగా పనిచేస్తుంది, అంటే దూరపు చూపే తప్ప విశాలం ఉండదు. చెట్టంతా పట్టించాలని బావ వెనక్కి నడిచాడు. నడిచి నడిచి టికెట్ల కిటికీ దాకా పోయాడు. అక్కడా పట్టలేదు. చివరికి ఒక ఊడను తీసుకొచ్చాడు. ఆ ఊడ ఫొటో చూసి ఊరి పేరు చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

దారిలో మాకు పాఠం కూడా చెప్పాడు. ఈ జిల్లాకు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడని, గాజు పలకల మీద ఫొటోలు తీసేవాడని, నిజాం మెచ్చి రాజా బిరుదు ఇచ్చాడని. “ఆయనకు నిజాం జీతమిచ్చిండు. నువ్వు మాకు నెల నెలా వాయిదా తెచ్చినవ్” అంది అక్క.

వాయిదాల మాట నిజమే. సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు సాగింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, సార్లు రోడ్ల మీద వంటావార్పులో కూర్చున్నారు. జీతం లేదు, తీరిక ఉంది, చేతిలో కొత్త కెమెరా ఉంది. బావ రోజూ ధర్నాకు వెళ్లి నినాదాలిచ్చి, ఫొటోలు తీసి వచ్చేవాడు. ఆ సమ్మె నడుమనే బతుకమ్మ వచ్చింది. అక్క తంగేడు, గునుగు తెచ్చి నడుమెత్తు పేర్చింది. బావ నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, తుపాకీ గురిపెట్టినట్టు పెట్టి తీశాడు. చూస్తే ముందు ఒక్క గునుగు పువ్వు, వెనకంతా రంగురంగుల మసక.

“నా బతుకమ్మ ఏది?”

“అదే వెనకాల. ఆ మసకనే బొకే అంటరు. ఎంత మంచిగొచ్చింది!”

“పొద్దంతా కూసొని పేర్చిన బతుకమ్మ కాడ బొకే ఏందయ్యా? ఇది రిసెప్షనా?”

సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లందరినీ నిలబెట్టి తీశాడు. దసరా అయ్యాక ఒక్కొక్కరే వచ్చి అడగడం మొదలుపెట్టారు, ఫొటో ఏదని. చిన్న కెమెరా రోజుల్లో పండుగ మూడో నాటికి స్టూడియోలో మ్యాక్సీ సైజు ప్రింట్లు వేయించి ఇంటింటికీ పంచిన చెయ్యి ఇది. ఇప్పుడు మాత్రం, “ఎడిటింగ్‌ల ఉన్నయి. అన్నీ రాలో తీసిన” అన్నాడు.

“రా, రా అని ఎవల్ని పిలుస్తున్నవ్ రా?” అని వంటింట్లోంచి అత్తమ్మ.

రా అంటే వండని బియ్యం. చిన్న కెమెరా అన్నం వండి విస్తట్లో పెట్టేది. పెద్దది బియ్యం బస్తా ఇచ్చి, నీకెలా కావాలంటే అలా వండుకోమంటుంది. ఎసరు పెట్టడం రానివాడికి బస్తా ఎంత పెద్దదైతే ఏం? కార్డు తీసుకుని స్టూడియోకు పోతే అతను, “ఈ ఫైళ్లు మా కంప్యూటర్ల తెరుసుకుంటలేవు సార్” అన్నాడు. బావ ఆ రాత్రి మళ్లీ చరిత్ర అందుకున్నాడు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెల్‌దేనట, ఒక్క ఫొటో క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట.

“23 సెకన్లకైనా వచ్చింది కదా” అంది అక్క.

సమ్మె ముగిశాక ఒక ఆదివారం అందరం పానగల్లు వెళ్లాం. ఏ నీడ కోసం ముప్ఫై వేలు పోశాడో ఆ నీడ ముందు నిలబడ్డాడు బావ. శ్వాస బిగబట్టాడు. నొక్కాడు. కెమెరా నెత్తి మీద చిన్న తలుపు టప్పున లేచింది. గర్భగుడిలో మెరుపు మెరిసింది. లింగం ఉంది, గోడ ఉంది, బూజు ఇంకా స్పష్టంగా ఉంది. నీడ లేదు.

చక్రం పచ్చగుర్తు మీదే ఉంది. చీకటి కనబడితే ఫ్లాషు లేపడం ఆటో ధర్మం. చిన్నదైనా అంతే, పెద్దదైనా అంతే. ఆ పచ్చగుర్తు పక్కనే, వేలితో ఒక్క మెట్టు తిప్పితే చాలు, మెరుపు బొమ్మకు అడ్డగీత కొట్టిన గుర్తు ఉంటుంది.

గుడి అరుగు మీద కూర్చున్న ముసలాయన చుట్ట పక్కన పెట్టి అన్నాడు, “ఆ లైటు బందు చేస్తే పడతది గదా సారూ. నీడను లైటేసి ఎతుకుతరా ఎవరన్న?”

బావ చక్రం వైపు, ముసలాయన వైపు మార్చి మార్చి చూస్తుండగానే అక్క చేతిసంచిలోంచి పాత చిన్న కెమెరా తీసింది. వెనక మెరుపు గుర్తున్న మీట రెండుసార్లు నొక్కి ఫ్లాషు ఆపేసింది. చెయ్యి వణకకుండా కెమెరాను స్తంభానికి ఆనించి నొక్కింది. నీడ పడింది. గోడంతా చుక్కలు చుక్కలుగా ఉన్నా లింగం వెనక నిలువునా నీడ నిలబడి ఉంది.

“నాయిస్ మస్తుంది” అన్నాడు బావ.

“నీడ ఉందా లేదా?” అంది అక్క.

మా బావను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ రాత్రే చక్రం తిప్పడం నేర్చుకున్నాడు. మరుసటి ఆదివారం తువ్వాల మడిచి నేల మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, షట్టరు నిదానంగా పెట్టి తీశాడు. చుక్క లేదు, వణుకు లేదు. రాతి మీది ఉలి గీతలతో సహా నీడ నిలిచింది. అక్క తీసినదాని కంటే అది నూరుపాళ్లు మంచి ఫొటో, పెద్ద సెన్సరు సత్తా అది. కెమెరా వెనక తెర మీద నా కళ్లతో చూశాను. అయితే అది రాలో ఉంది. అక్కది మ్యాక్సీ సైజులో ఇంట్లో గోడ మీద ఉంది.

కాబట్టి కొత్త కెమెరా కొనబోయే బావలకు నా మనవి ఒక్కటే. ఉన్నదాని మీద ఫ్లాషు ఆపే మీట ఎక్కడుందో ముందు వెతకండి, అది దొరికాకే వాయిదాల సంగతి చూసుకోండి. ఫొటో దిగే మనలాంటివాళ్లకు ఇంకో మాట. పానగల్లులో మెడలో నల్లపట్టీ వేసుకున్న మనిషి ఎవరైనా మిమ్మల్ని నిలబెట్టి తీస్తే, ప్రింటు చేతికి వచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి. నీడ ఎలాగూ కదలదు, తోడుంటుంది.