ఇందుకూరుపేట దాకా చల్లగానే

పూర్తిగా చచ్చిపోయిన ఏసీతో పేచీ లేదు. అద్దాలు దించుకోవచ్చు, మెడకో తువ్వాలు చుట్టుకోవచ్చు, జీతాలు పడ్డాక బాగు చేయించుకోవచ్చు. ఆడుతూ ఆడుతూ ఆగి, ఆగిందని నలుగురికీ చెప్పుకునేలోపు మళ్లీ ఆడే ఏసీ ఉందే, అది మనిషిని మనిషిగా ఉండనివ్వదు. నెల్లూరులో అలాంటి ఏసీ ఉన్న కారు ఓనరు ఒకాయన ఉన్నాడు. ఈ వ్యాసం రాస్తున్నది కూడా ఆయనే కాబట్టి పేరు అనవసరం.

కారుకు పదిహేనేళ్లు దాటాయి. రిజిస్ట్రేషన్ గడువు తీరితే ఆర్టీఏ ఆఫీసుకు తోలుకెళ్లి, ఫిట్‌నెస్ చూపించి, ఇంకో ఐదేళ్లకు పొడిగించుకున్నాడు. అక్కడ బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, హారన్ కొట్టి చూస్తారు, పొగ కాగితం అడుగుతారు. లోపల కూర్చున్న మనిషి ఉడుకుతున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని కేంద్రం రూలు పెట్టింది. మంచి రూలే, లారీ డ్రైవర్లు ఇన్నేళ్లు పడ్డ పాట్లు చాలు. కానీ కృష్ణపట్నం పోర్టు నుంచి వచ్చే కొత్త లారీ పక్కన ఆగినప్పుడు, పైన అద్దాలెత్తుకుని హాయిగా కూర్చున్న డ్రైవరు కింద గుండీలు విప్పుకుని కూర్చున్న కారు ఓనరుని చూసే చూపు ఉంటుంది చూడండి, దాన్ని ఓర్చుకోవడమే కష్టం.

జబ్బు లక్షణం ఇది. నెల్లూరు నుంచి మైపాడు బీచికి దాదాపు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాకా కారులో చలికి చేతులు ముడుచుకోవాలి. ఊరు దాటి, వరిమళ్లు పోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట చలి దిగిపోతుంది, గాలి మాత్రం అలాగే వస్తుంటుంది. ఫ్యాను శబ్దంలో తేడా ఉండదు. ఏసీ బటన్ మీద పచ్చ దీపం ధీమాగా వెలుగుతూనే ఉంటుంది. మైపాడులో గంటసేపు ఆగి, సముద్రంలో కాళ్లు తడుపుకుని వచ్చి బండి తీస్తే మళ్లీ చలి.

ఆడినంతసేపు ఓనరుకు ఆ కారు మీద ఎక్కడలేని మమకారం. ఇంత మందం రేకు ఇప్పటి బండ్లలో యాడుందని పక్కవాళ్లకు పాఠం చెబుతాడు. ఆగినంతసేపు పాత కార్లు కొనేవాళ్ల నంబర్లు వెతుకుతాడు. తీరా బేరానికి ఒకాయన వచ్చిన రోజున ఏసీ ఒక్క నిమిషం ఆగితే ఒట్టు. ఇంత చల్లటి బండిని ఎందుకు అమ్ముకుంటున్నాడా అని ఆయనకే అనుమానం వచ్చి వెళ్లిపోయాడు.

మే నెలలో 42, 43 డిగ్రీలు నెల్లూరుకు కొత్త కాదు. సముద్రం కూతవేటు దూరమే అయినా, పడమటి గాలి బలంగా తోలే రోజున సముద్రపు గాలి మధ్యాహ్నం బాగా వాలితే గానీ ఊళ్లోకి రాలేదు. వచ్చాక వేడి కాస్త తగ్గి ఉక్క మొదలవుతుంది. కారు ఏసీకి రెండూ బరువే. గాలిని చల్లబరచడం ఒక పని, అందులోని తేమను పిండడం ఇంకో పని. పిండిన నీళ్లు కారు కింద బొట్లు బొట్లుగా కారుతుంటే, "సార్, మీ బండి లీకవతా ఉండాది" అని పరిగెత్తుకొచ్చి చెప్పే పుణ్యాత్ములు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ బొట్లు కారితేనే ఓనరుకు ప్రాణం కుదుటపడేది.

ఇక వైద్యం. కారు ఏసీ షాపుల్లో చాలాచోట్ల రోగం ఏదైనా మందు ఒకటే. బానెట్ ఇంకా సగంలో ఉండగానే తీర్పు వచ్చేస్తుంది: "గ్యాస్ తక్కువుండాది సార్."

గ్యాస్ ఏమన్నా పెట్రోలా, తిరిగేకొద్దీ అయిపోవడానికి? కంప్రెషర్ దాన్ని నొక్కి పంపుతుంది. ముందున్న కండెన్సర్లో అది చల్లారి ద్రవమవుతుంది. సన్నటి ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి కూలింగ్ కాయిల్లోకి వెళ్లి, ఆవిరవుతూ కారులోని వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెషర్ దగ్గరికే వస్తుంది. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్, అదే తిరుగుడు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. పాత బండ్ల రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్లమీద కొంచెం కొంచెం పోవడం ఉన్నదే, కాదనడానికి లేదు. కానీ ఇందుకూరుపేటలో పోయిన గ్యాస్ మైపాడులో గాలి పీల్చుకుని వెనక్కి వస్తుందా? ఈ ప్రశ్న అడిగితే, "ఎక్కించి చూద్దాం సార్" అంటారు. ఎక్కిస్తారు. డబ్బులు తీసుకుంటారు. షాపు ముందు బ్రహ్మాండంగా ఆడుతుంది. షాపు ముందు అది ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఆడింది.

పైగా ఎక్కువైతే ఇంకో తంటా. చిన్న కారుకు పట్టేది అర కిలో లోపు. తూకం వేసి ఎక్కించాల్సిన సరుకు. పైపు చేత్తో పట్టుకుని చల్లబడిందనిపించేదాకా ఎక్కిస్తే, ఎండలో ప్రెషరు హద్దు దాటి, ప్రెషర్ స్విచ్ కంప్రెషర్ని ఆపేస్తుంది. ఆడీ ఆడని ఏసీకి ఆడకపోవడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఎక్కించేముందు లోపలున్న పాత గ్యాస్‌ని ఉస్సుమని ఆకాశంలోకి వదిలేయడం మరో ఆచారం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత, ఓజోన్ పొరకు చేటు చేసే ఆర్-12ని పక్కనపెట్టి ఈ 134ఏ గ్యాస్‌ని తెచ్చారు. ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్‌కు వెయ్యి రెట్లకు పైమాటే. ఊరు చల్లబడకపోవడానికి ఓనరు కూడా తనవంతు డబ్బు కట్టాడన్నమాట.

ఒక దశలో ఆయన మనసు స్వర్ణాల చెరువు వైపు మళ్లింది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు కోరికకో రొట్టె; ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, విదేశీ రొట్టె ఉన్నాయి. ఏసీ రొట్టె ఇంకా రాలేదు. ఆరోగ్యం రొట్టె కింద సర్దుకోవచ్చేమో ఎవరినన్నా కనుక్కోవాలి.

ఇక్కడ ఒకసారి 1940 దాకా వెళ్లి రావాలి. వెళ్లకపోయినా కథకు నష్టం లేదు గానీ, చెమటలు కక్కేవాడికి ఆ ఏడాది తలుచుకుంటే కొంత ఊరట. అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారును ఆ ఏడాది మోడల్‌గా అమ్మింది. ఏసీకి విడిగా 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ ఉన్నది వెనక సీటు వెనకాల; డిక్కీలో సగం చోటు దానికే. చల్లగాలి వచ్చి వెనక కూర్చున్నవాళ్ల మెడ మీద పడేది. అసలు సంగతి అది కాదు. ఆ ఏసీకి క్లచ్ లేదు. ఇంజను తిరిగితే కంప్రెషర్ తిరగాల్సిందే. చలేస్తే కారు ఆపాలి, ఇంజను కట్టేయాలి, బానెట్ ఎత్తాలి, కంప్రెషర్ బెల్టు ఊడదీయాలి. మళ్లీ చలి కావాలంటే మళ్లీ ఆ తంతంతా.

దీన్ని మన రోడ్డు మీదికి తెచ్చుకుంటే ఎలా ఉంటుందో ఓనరు తీరిగ్గా ఊహించుకున్నాడు. ఒంగోలులో పెళ్లి. ముందు డ్రైవరు, వెనక అత్తగారూ మామగారూ. కోవూరు దాటేసరికి అత్తగారికి మెడ పట్టేసింది. డ్రైవరు దిగాడు, బెల్టు తీశాడు, చెయ్యి కాల్చుకున్నాడు. కొడవలూరు దగ్గర మామగారికి ఉక్కపోసింది. దిగాడు, తగిలించాడు, రెండో చెయ్యి కాల్చుకున్నాడు. కావలిలో కాఫీకి ఆగారు కదా అని అడక్కముందే తీసిపెట్టాడు. ఎవరు తీయమన్నారని కాఫీతోపాటు చీవాట్లు తిన్నాడు. ఉలవపాడులో మామిడిపండ్ల బుట్టలు ఎక్కించబోతే డిక్కీలో చోటు లేదు, అక్కడ ఏసీ కూర్చుని ఉంది. బుట్టలు అత్తగారి ఒళ్లోకి వచ్చాయి. పండ్లకు చోటు దొరికింది, అత్తగారు వేడెక్కారు. సింగరాయకొండలో మామగారు మళ్లీ ఏసీ కావాలన్నారు, బెల్టు కనబడలేదు. టంగుటూరులో దొరికింది, రెండో బుట్టలో, పండ్ల అడుగున. ఒంగోలు చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది, మూడో పంక్తిలో మజ్జిగ పోస్తున్నారు. కట్నాలు చదివించి, పాపం, ఆ బెల్టుతోనే తిరుగు ప్రయాణం.

ప్యాకర్డ్ కంపెనీ 1941తో ఆ ఏసీని చాలించుకుంది. తర్వాతి కాలంలో కంప్రెషర్‌కు క్లచ్ వచ్చింది, ఒక్క బటన్‌తో ఆపొచ్చు, నడపొచ్చు. డ్రైవరు దిగే పని తప్పింది. మైపాడు రోడ్డు మీద మొరాయిస్తున్నది సరిగ్గా ఆ క్లచ్చే.

ఆ సంగతి కనిపెట్టింది ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద పనిచేసే ఒక పెద్దాయన. ఆయన చేసిన మొదటి వింత, గ్యాస్ మాట ఎత్తకపోవడం. రెండోది, ప్రశ్నలు అడగడం.

"ఆగినప్పుడు గాలి తగ్గతాదా సార్, అంతే వస్తాదా?"

"అంతే వస్తుంది భాయ్."

"విజయమహల్ గేటు కాడ ట్రాఫిక్‌లో ఆగతాదా, రోడ్డు మీద పోయేటప్పుడా?"

"పోయేటప్పుడే."

ఈ రెండు జవాబులతో సగం అనుమానాలు కొట్టుకుపోయాయి. గాలి రానురాను సన్నబడి ఉంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టినట్టు, అంటే థర్మోస్టాట్‌ని పట్టుకోవాలి. నిలబడ్డప్పుడు ఆగి, పరిగెత్తేటప్పుడు ఆడితే కండెన్సర్ ఫ్యాను. ఇక మిగిలినవి రెండు దారులు. గొట్టాల్లో తేమ చేరి ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి అడ్డుపడటం ఒకటి, కరెంటు గొడవ ఇంకొకటి. ఏదన్నది తేలాలంటే ఏసీ ఆగి ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కంప్రెషర్ మూతి చూడాలి. అక్కడి క్లచ్ ప్లేటు తిరుగుతూ కూడా చలి లేకపోతే మొదటిది. ప్లేటే తిరక్కపోతే రెండోది.

"ఆగేదాకా ఆడనీండి సార్, కుచ్చోండి" అని ఆయన టీ చెప్పాడు. ఇంతమంది చేతుల్లో పెట్టిన కారుని, ఆగేదాకా చూద్దామన్న మనిషి ఆయనొక్కడే. ఈలోగా ఊరికే ఉండక, బాడీకి బిగించిన ఎర్తు వైరు విప్పి చూపించాడు. ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. ఎమరీ పేపరుతో గీకి, గ్రీజు రాసి బిగించాడు. ఇది కాకపోవచ్చు గానీ సముద్రం దగ్గరి బండ్లకు ఇది కూడా చూసుకోవాలన్నాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. షెడ్డులో ఒకే ఒక్క స్టాండు ఫ్యాను. పెద్దాయన దాన్ని కారు ఓనరు వైపు తిప్పి పెట్టాడు. తను మాత్రం ఉడుకుతున్న ఇంజను మీదికి వంగి ఉన్నాడు. మోచేతుల నుంచి చెమట బ్యాటరీ మీద పడుతోంది. వరసలో ఇంకా నాలుగైదు కార్లున్నాయి, అన్నీ చల్లదనం కోసం వచ్చినవే. ఈ ఊళ్లో ఎన్ని కార్లలో చలి ఆయన చేతి మీదుగా వెళ్లిందో లెక్కలేదు. అందులో ఆయన కూర్చున్నది టెస్టుకు తోలినంతసేపే. ఓనరుకు అప్పటిదాకా తన చెమటే లోకంలో పెద్ద చెమటగా ఉండింది. ఫ్యానుని మధ్యకు జరపబోతే, "పోనీండి సార్, మాకు అలవాటే" అన్నాడు. ఆ మాట తర్వాత ఆ ఫ్యాను గాలి అంత హాయిగా లేదు.

అంతలో ఏసీ ఆగింది. పెద్దాయన టెస్ట్ లైటు తీసి వైరుకు తగిలించాడు. వెలిగింది. కరెంటు వస్తోంది, ప్లేటు మాత్రం కదలడం లేదు. పొడవాటి చెక్కముక్కతో ప్లేటుని ముందు నుంచి మెల్లగా తోశాడు. టక్. రెండు నిమిషాల్లో కారులో చలి.

కిటుకు ఇదీ. ఇంజను నడిచినంతసేపు బెల్టుతో పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ కాయిల్‌కు కరెంటు వస్తే అది అయస్కాంతమై, ఎదురుగా ఉన్న ప్లేటుని లాగి పుల్లీకి అతికిస్తుంది. అప్పుడే కంప్రెషర్ తిరుగుతుంది. రెంటి మధ్య సందు చాలా బండ్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఏళ్ల తరబడి అతుక్కుంటూ విడిపోతూ అరిగి, ఆ సందు పెరుగుతుంది. చివరికి ప్లేటూ పుల్లీ ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్న దాయాదుల్లాగా, అంత దగ్గర ఉండి కూడా కలవవు. బండి చల్లగా ఉన్నప్పుడు కాయిల్ బలం ఆ సందుకు సరిపోతుంది. కాగేకొద్దీ రాగి తీగ కరెంటుకు ఎక్కువ అడ్డం పడుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున; 60 డిగ్రీలు పెరిగితే నాలుగో వంతుకు దగ్గర. దాంతో లాగే బలమూ తగ్గుతుంది. అతుక్కుని ఉన్నంతసేపు బాధ లేదు. లోపల చలి చాలనుకుని థర్మోస్టాట్ ఒకసారి ఆపుతుంది, మళ్లీ పిలిచేసరికి ప్లేటు రాదు. ఆ పిలిచే చోటు ఇందుకూరుపేట. మైపాడులో బండి చల్లారాక మళ్లీ వస్తుంది.

ఫీలర్ గేజి పెట్టి చూస్తే సందు ఉండాల్సినదానికి రెట్టింపుకు దగ్గరగా ఉంది. పెద్దాయన నడుమ బోల్టు విప్పి, ప్లేటు ఊడదీసి, లోపలున్న పల్చటి వాషరొకటి గోటితో లేపి బయటికి తీశాడు. చిన్న వేలి గోరంత కూడా లేదు. మళ్లీ బిగించి గేజి పెడితే సరిపోయింది. కొత్త సామాను ఒక్కటీ పడలేదు, ఉన్నదాంట్లోంచే ఒకటి తగ్గింది. ఆయన అడిగిన డబ్బు, ఇదివరకటి గ్యాస్ బిల్లుల పక్కన పెడితే చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. ఓనరు కొంచెం ఎక్కువ ఇవ్వబోతే టీ డబ్బులు మాత్రం ఉంచుకుని మిగతాది తిరిగిచ్చాడు.

"ఇంకొక్క వాషరే ఉండాది సార్ లోపల" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మళ్లీ సందొస్తే అది తీయొచ్చు. ఆ తర్వాత తీసేదానికేం ఉండదు, ప్లేటు మార్చాల్సిందే."

"ఎన్నాళ్లు వస్తుంది భాయ్?"

"బండి ఎన్నాళ్లు పెట్టుకుంటారు సార్?"

దానికి ఓనరు దగ్గర జవాబు లేదు. ఇంట్లో అడిగి చెబుతానన్నాడు.