హార్డ్‌డిస్కు పద్యానికి టీకా తాత్పర్యం

కాచి దాచుకొమ్ము కార్డులో మూలమ్ము
క్యాషు తుడిచివేయు కరుణ మాని
రెండు ప్రతులు చేయి రెండూళ్ల నుంచుము
తిత్లి వచ్చెనేని దిగులు లేదు

అవతారిక: శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్లి వీడియో కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్‌తో మొదలై అప్పగింతల దాకా సాగుతుంది. కింద రెండు కెమెరాలు, పైన డ్రోను. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే 4కే ఫుటేజి గంటకు 45 జీబీ, ఎనిమిది గంటలకు 360. మూడో పెళ్లికే ఒక టీబీ డిస్కు చేతులెత్తేస్తుంది. పై ఆటవెలది ఆ సంకటంలో పుట్టింది.

టీక: ‘కార్డులో’ అన్న షష్ఠిని ‘లోపల’ అని కాక ‘యొక్క’ అని అన్వయించుకోవాలి. అంటే కార్డు యొక్క మూలం, అసలు రషెస్. మూలం కార్డులోనే ఉండిపోతే మర్నాటి పెళ్లికి కార్డుండదు, కవిగారికి అడ్వాన్సూ ఉండదు.

‘కాచి’ శ్లేష. కాపాడి అని ఒకటి, మరగకాచి తగ్గించి అని మరొకటి. ప్రీమియర్ ప్రోలో ప్రాజెక్ట్ మేనేజర్ చేసేది ఈ రెండో పనే. టైమ్‌లైన్‌లో వాడని క్లిప్పులను వదిలేసి, వాడినవాటిని మాత్రం కొత్త ఫోల్డరులోకి చేరుస్తుంది. కావాలంటే ప్రతి ముక్కకీ అటూ ఇటూ కొన్ని ఫ్రేములు అదనంగా ఉంచుతుంది. వాటిని హ్యాండిల్స్ అంటారు. డావిన్చీ రిజాల్వ్‌లో దీనికి మీడియా మేనేజ్‌మెంట్ ఉంది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసిన వ్యాఖ్యాత కొలాచలం మల్లినాథసూరి ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంటే ఈ బటనే ముందు నొక్కేవాడు. అయితే పెళ్లివారి బకాయి వసూలయ్యేదాకా, నొక్కినా మిగతా రషెస్‌ను తుడిచెయ్యకూడదని సంప్రదాయం. వాడని ఆ క్లిప్పులోనే పెళ్లికొడుకు మేనమామ ఉంటాడు.

‘క్యాషు’ అంటే ఆ బకాయి కాదు. సాఫ్ట్‌వేర్ తన సౌకర్యానికి రాసుకునే తాత్కాలిక ఫైళ్లు. వీటిని, ప్రీవ్యూలను, ప్రాక్సీలను తుడిచేసినా అసలు ఫుటేజి ఉంటే మళ్లీ తయారవుతాయి. అందుకే ‘కరుణ మాని’. ప్రాజెక్టు ఫైలు మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు. కట్‌లన్నీ అందులోనే ఉంటాయి, సాధారణంగా అది కొన్ని ఎంబీలే. జిప్ చేస్తే చాలదా అనే వాదం నిలవదు. కెమెరా వీడియోను అప్పటికే కుదించి ఇస్తుంది. ఇక జిప్ పిండేదేమీ మిగలదు.

తాత్పర్యం: ‘పెన్‌డ్రైవ్ పోనాది బాబూ, మళ్లీ ఎక్కించి ఇత్తావేటి?’ అని రెండేళ్ల తర్వాత ఫోనొచ్చినా ఇవ్వగలగాలి.

‘తిత్లి’ అనగా 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుఫాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలాయి, ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉన్నాయి. ఒకే బీరువాలో రెండు డిస్కులు పెట్టేవారిని ఉద్దేశించి కవి ‘రెండూళ్ల’ అన్నాడు. పలాసలో ఒకటుంటే విజయనగరంలో మరొకటి. పలాస, కాశీబుగ్గ కూడా రెండూళ్లే కదా అని పూర్వపక్షం. మునిసిపాలిటీ ఒక్కటే, వచ్చిన తుఫానూ ఒక్కటే గనుక అది చెల్లదు.