సిరిమాను పండక్కి అల్లుడుగారి సూచనలు

నేను విజయనగరం వైపు అల్లుణ్ణి. పెళ్ళయిన ఏడాది మొదలు ఇప్పటికి తొమ్మిదిసార్లు పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వెళ్ళాను. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటువాళ్ళు ఎవరు అటు బయల్దేరినా ముందు నన్నే అడుగుతారు. ఒక్కొక్కళ్ళకీ చెప్పలేక రాసిపెడుతున్నాను. మా అత్తగారు ఊహ తెలిసినప్పటినుంచీ ఈ పండక్కి వెళ్తున్నారుగానీ ఆవిడవన్నీ పాత పద్ధతులు. పనికిరావు.

ముందు సెలవు సంగతి. సిరిమాను దసరాకే కదా, దసరా రోజుకే సెలవు పెట్టండి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం అని క్యాలెండర్లో ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. 2025లో దసరా అక్టోబరు 2న పడింది, సిరిమాను 7న. నేను 1న దిగి 4న తిరుగురైలెక్కాను. మూడు లాంతర్ల దగ్గర గుడి ముందు బారికేడ్లకి కర్రలు పాతుతున్నారు. పాతేవాళ్ళని కళ్ళారా చూశాను. తొమ్మిదిసార్లన్నానే, అందులో అదొకటి.

ప్రయాణం కారులోనే చెయ్యాలి. అత్తగారిది గజపతినగరం దగ్గర పల్లె. ఆవిడ చంకలో ఒక సంచీ పెట్టుకుని రైలెక్కి విజయనగరం స్టేషన్లో దిగుతారు. వనంగుడి స్టేషన్‌కి దగ్గరే కాబట్టి తిన్నగా అక్కడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత ఊరి నడిబొడ్డున మూడు లాంతర్ల దగ్గరున్న చదురుగుడికి నడుస్తారు. రెండు గుళ్ళెందుకమ్మా, ఊళ్ళో ఉన్నది చూస్తే చాలదా అంటే, "పుట్టిల్లు సూడకుండా అత్తారింటికెల్లి పలకరిస్తామేటి బాబూ" అంటారు. మీరు మాత్రం కారు నేరుగా మూడు లాంతర్లకి పోనివ్వండి. సిరిమాను తిరిగే దారి గనక విశాలంగా ఖాళీ చేసి ఉంచుతారు, పార్కింగుకి అంతకంటే అనువైన చోటు ఊళ్ళో లేదు. పోలీసులు నన్ను ఊరిబయటే ఆపేశారు. ఫలానావారి తాలూకు అని చెప్పాను. ఆ ఫలానావారి కారు కూడా అక్కడే ఆగి ఉంది.

స్థలపురాణం తెలుసుకోవడానికి గుడి దగ్గర ముసలివాళ్ళని కదపకండి, పొద్దుపోతుంది. అత్తగారు ఏటా చెబుతారు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు, ఆయన పక్కన ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. బొబ్బిలి కోట పడింది. ఆ పిమ్మట గుడారంలో ఉన్న రాజుని తాండ్ర పాపారాయుడు పొడిచి చంపాడు. రాజుగారి చెల్లెలు పైడిమాంబ. యుద్ధం వద్దని ముందే బతిమాలిందట. అన్న ప్రాణానికి కీడని తెలిసి, ఒంటినిండా మశూచితో ఉండీ కబురు చెప్పడానికి బయల్దేరిందట. అన్న పోయాడన్న మాట చెవిన పడ్డాక ఆవిడా ఉండలేదు. ఆ తర్వాత పతివాడ అప్పలనాయుడికి కనిపించి, తన ప్రతిమ పెద్దచెరువులో ఉందని, తీసి గుడి కట్టమని చెప్పిందంటారు. ఇక్కడికొచ్చేసరికి అత్తగారికి కొంగు కళ్ళకి అడ్డం వస్తుంది.

ఇంత శ్రమ అక్కర్లేదు, సినిమా చూసుకుంటే చాలు. 1986లో వచ్చిన కృష్ణంరాజు ‘తాండ్ర పాపారాయుడు’ చూశారా? క్యూలో విసుగు పుడితే అందులో డైలాగులు గట్టిగా అందుకోండి, జనం సంతోషిస్తారని నా నమ్మకం. నేను ఒక్కటే చెప్పాను, పాపారాయుడు గుడారంలో దూరే ఘట్టంలోది. ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపు ఇప్పటికీ అర్థం కాలేదు. అన్నని పొడిచినవాడి మాటలు చెల్లెలి గుమ్మంలో అరిచావని మా ఆవిడ తర్వాత అందిగానీ, రెండున్నర శతాబ్దాల నాటి మాట ఇంకా ఎవరు మనసులో పెట్టుకుంటారు?

మీకు పొలంలో చింతచెట్టుందా? ఉంటే దీన్ని జాగ్రత్తగా చదవండి. సిరిమాను అంటే 50 అడుగులు పైబడిన చింతమాను. అది ఫలానా ఊళ్ళో ఉందని అమ్మవారు పూజారికి కలలో చెబుతుంది. దాంతోపాటు ఇరుసుకి ఇంకో చెట్టు కావాలి, దాన్ని ఇరుసుమాను అంటారు. ఒక ఏడు సిరిమాను మావాళ్ళకి తెలిసినవాళ్ళ ఊళ్ళో దొరికింది. చెట్టుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఊరంతా వచ్చి కొబ్బరికాయలు కొట్టారు. గొడ్డలి వెయ్యబోయే ముందు ఆడవాళ్ళు మానుని కౌగలించుకుని, కూతుర్ని అంపకం పెడుతున్నట్టు కళ్ళొత్తుకున్నారు. నేను సెల్‌ఫోన్లో లెక్క వేశాను. పొడవింత, చుట్టుకొలతింత, చింతకలప రేటింత. అంకె రైతు చెవిలో చెప్పి, రాతకోతలు లేకుండా ఇచ్చెయ్యకండన్నాను. ఆయన నావంక కాసేపు చూసి, "మీకేటైనా ఒంట్లో బాలేదేటి బాబూ" అని మంచినీళ్ళు తెప్పించాడు. ఆయన్నిక నేనేం చెయ్యగలను? మానుని బండిమీద ఊరేగించుకుంటూ హుకుంపేట తీసుకెళ్ళిపోయారు, వడ్రంగులు చెక్కడానికి.

సోమవారం రాత్రి తొలేళ్ళు. దీనికి బొత్తిగా వెళ్ళకండి. ఎక్కడెక్కడి పల్లెలవాళ్ళో వచ్చి రాత్రంతా రోడ్లమీదే ఉంటారు. తలమీద ఘటాలు, డప్పులు, సాములు. ముర్రాటలు పట్టుకుని ఆడవాళ్ళు వరస కడతారు. ముర్రాటంటే పసుపునీళ్ళ చెంబులో వేపమండ. మీరు తెల్ల లాల్చీ వేసుకుంటారు కాబట్టి ఆ వరసకి పది గజాలు ఎడంగా ఉండండి. పూజారి రైతులకి గింజలు పంచేది కూడా ఆ రాత్రే. గుప్పెడు గింజల కోసం తెల్లవార్లూ కూచోవడం ఏమిటి? మంచి హోటల్లో ఏసీ గది తీసుకుని, కిటికీలు బిగించి పడుకోండి. డప్పులు వినిపిస్తే చెవుల్లో దూది.

ఇక మంగళవారం. ఎలాగైనా పాస్ సంపాదించాలి. నాలుగో ఏట ఒక పెద్దమనిషిని పట్టుకుని మేడమీద కుర్చీ సాధించాను. అత్తగారికీ ఒకటి అడిగితే, "అమ్మోరు వొస్తంటే కుర్సీలో కూకుంటారేటి" అని రోడ్డువారకి పోయి నిలబడ్డారు. కిందనుంచి ఆవిడకేం కనిపిస్తుందని జాలిపడ్డాను.

మధ్యాహ్నం దాటాక మొదలవుతుంది. సిరిమాను చివర కట్టిన పీటమీద పూజారి కూచుంటాడు. ఆ పూటకి ఆయనే అమ్మవారు. గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. పూసపాటివారు కోట బురుజు మీదినుంచి చూస్తారు. అయితే సిరిమానుకి ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అని వరసగా వస్తాయి. ఇవి మనకి ఇంటర్వెల్. ఆ టైములో టీకి వెళ్ళిరండి. బెస్తలు వల పట్టుకుని జనం మధ్యలోంచి నడవడం చూసి, ఎండిన రోడ్డుమీద చేపలేం పడతాయని నవ్వాను. చెరువులోంచి తల్లిని తీసిపెట్టినవాళ్ళట, అందుకని వాళ్ళ వల ముందు నడవాలట. ఈ ముక్క అత్తగారు చెప్పేసరికి నా టీ అయిపోయింది.

అరటిపళ్ళు మరచిపోకండి. సిరిమాను మీదికి జనం అరటిపళ్ళు విసురుతారు. అందరూ ముగ్గిన పళ్ళు తెచ్చుకుని ఒక్కొక్కటే వేస్తారు, అది తెలివితక్కువ. మీరు పచ్చికాయలు తీసుకోండి, బరువుంటాయి, దూరం పోతాయి. నేను మేడమీదినుంచి సగం అత్తం ఒక్కసారే వదిలాను. అది సిరిమాను దాకా పోలేదు. కింద ఒక కానిస్టేబులు టోపీ తీసి నెత్తి తడుముకుంటూ పైకి చూశాడు. పాస్ ఇచ్చిన పెద్దమనిషి నన్ను ఎరగనన్నాడు.

నాకు సిరిమాను ఎలా కనిపించిందని అడుగుతారేమో. మొదటి తడవ జూమ్ సరిచేసుకుంటున్నాను. రెండో తడవ ఫోన్లో జాగా లేదంటే పాత ఫోటోలు చెరిపేస్తున్నాను. మూడోసారి సెల్ఫీ కోసం అటు వీపు పెట్టాను. ఫోటోలో నేను బాగా వచ్చాను. నా చెవి వెనక గోధుమరంగులో ఏదో ఉంది, అదే అయుంటుంది.

అత్తగారు చీకటిపడ్డాక వచ్చారు. చెప్పు ఒకటే ఉంది, మొహమంతా పసుపు. "మూడు మార్లూ సూసాను బాబూ. రెండోసారి నా నెత్తిమీదుగానే ఎల్లింది" అన్నారు. పై మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం, ఆ తర్వాత ఉయ్యాలకంబాల, అన్నీ చూసుకుని వెళ్ళమన్నారు. ఆఫీసుందన్నాను. బయల్దేరేటప్పుడు కొంగుముడి విప్పి, తొలేళ్ళ రాత్రి దొరికిన గింజల్లో సగం కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు.

పొలం లేనివాళ్ళకి ఇలాంటివి ఇస్తే ఏం చెయ్యాలో కూడా చెబుతాను. నేను బాల్కనీలో పావురాలకి వేశాను. ఆ సంగతి తెలిసి అత్తగారు ఫోన్లో చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, కుండీ సందుల్లో పడినవేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. మూడు దొరికాయి.